జీపు డీజిల్, లాయర్ ఫీజు, రూల్ 5: అనంతపురం ట్రస్టుల గొడవ వెనక కథ

ఆర్డీటీ, అంటే అనంతపురంలో ఆస్పత్రులు, బడులు నడిపే రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్, దాని పేరు మళ్ళీ అందరి నోళ్ళల్లో నానుతోంది. ఎఫ్‌సీఆర్ఏ (విదేశీ విరాళాల చట్టం) అంటే ఏంటో తెలియనోళ్ళు కూడా టీ బంకు దగ్గర దాని గురించే వాదించుకుంటున్నారు. 2025లో ఆ చట్టం కింద ఆర్డీటీ రిజిస్ట్రేషన్ రెన్యువల్ ఆగినప్పుడు జనం రోడ్లెక్కడం చూశాం, పార్టీ తేడా లేకుండా లీడర్లు మాట్లాడ్డం చూశాం. ఇప్పుడు మళ్ళీ అవే రెండు మాటలు నడుస్తున్నాయి, ఫారిన్ డబ్బుకి లెక్క అడిగితే తప్పేంటని ఒకరు, పేదోళ్ళ నోటికాడ కూడు లాగేస్తారా అని ఇంకొకరు. రెండూ పాత మాటలే. వీటి మధ్యలో ఎవరూ పట్టించుకోని విషయం ఒకటుంది, అది ఆస్పత్రుల గురించి కాదు, ఇళ్ళ గురించి కాదు, ఆడపిల్లల కోసం, ఆడోళ్ళ కోసం చేసే పని గురించి.

ఆర్డీటీ పెట్టిన స్పెయిన్ మనిషి విన్సెంట్ ఫెర్రర్ 1969లో ఇక్కడికి ఎట్లా వచ్చాడు, అంతకుముందు మహారాష్ట్రలోని మన్మాడ్ నుంచి ఎందుకు పంపించేశారు, ఈ కరువు నేలలో ఏం చేశాడు, ఇవన్నీ మన దగ్గర మళ్ళీ చెప్పక్కర్లేదు, చాలా ఊర్లలో ఆయన ఫొటో దేవుడి పటాల పక్కనే ఉంటుంది. ఆ ట్రస్టు కట్టించిన ఇళ్ళు ఆడోళ్ళ పేరు మీదే రాయించడం, ఊరూరా మహిళా సంఘాలు పెట్టించడం, బత్తలపల్లి ఆస్పత్రి, ఇవీ తెలిసినవే. నన్నడిగితే ఇవాళ్టి గొడవ అర్థం కావాలంటే 1969 కాదు, 2020 సెప్టెంబర్ చూడాలి.

విదేశీ విరాళాల చట్టం ఎమర్జెన్సీ టైంలో, 1976లో వచ్చింది. అప్పట్లో దాని గురి రాజకీయ పార్టీల మీద, విదేశీ డబ్బుతో ఎన్నికలు నడపకూడదని. 2010లో దాన్ని తీసేసి కొత్త చట్టం తెచ్చారు, అప్పటిదాకా ఒకసారి రిజిస్టర్ అయితే అయిపోయేది, కొత్తదాంట్లో ఐదేళ్ళకోసారి రెన్యువల్ చేయించుకోవాలి. ఇవాళ రెన్యువల్ అని మనం కొట్టుకుంటున్నది అక్కడ మొదలైందే. అయినా ఆ పదేళ్ళూ ఎట్లోగట్లా నడిచిపోయింది.

తర్వాత 2020. మార్చిలో బడులు మూతపడ్డాయి, మన రాష్ట్రంలో నవంబర్ దాకా సరిగ్గా తెరవలేదు. బడికి పోని పిల్ల ఇంట్లో కనిపిస్తా ఉంటే సంబంధాలు వస్తాయి, దానికి పెద్ద రీసెర్చ్ ఏం అక్కర్లేదు, పైగా లాక్‌డౌన్‌లో పెళ్ళి చేస్తే ఖర్చు తక్కువ, పిలవాల్సినోళ్ళు తక్కువ. సరిగ్గా అదే టైంలో సెప్టెంబర్ 20న పార్లమెంటులో ఈ చట్టానికి సవరణ బిల్లు పెట్టారు, 21న లోక్‌సభ, 23న రాజ్యసభ పాస్ చేశాయి, 29 నుంచి అమల్లోకి వచ్చేసింది. అంత స్పీడ్.

అందులో ముఖ్యంగా మూడు మార్పులున్నాయి. ఒక సంస్థకి వచ్చిన విదేశీ డబ్బు ఇంకో సంస్థకి ఇవ్వకూడదు. డబ్బు ఎవరికొచ్చినా ముందు ఢిల్లీలోని స్టేట్ బ్యాంక్ మెయిన్ బ్రాంచిలో తెరిచిన ఖాతాలోనే పడాలి. ఆఫీసు ఖర్చుల లిమిట్ 50 శాతం నుంచి 20 శాతానికి తగ్గింది.

ఈ మూడోది వినడానికి బాగానే ఉంది కదా, ఏసీ రూముల ఖర్చు తగ్గిస్తే మంచిదే కదా అనిపిస్తుంది, చాలామంది అట్లాగే అనుకుని వదిలేశారు. కానీ ఏది ఆఫీసు ఖర్చు అని చెప్పే రూల్ ఒకటుంది, 2011 నిబంధనల్లో రూల్ 5. దాంట్లో డాక్టర్ల జీతం, టీచర్ల జీతం ఆఫీసు ఖర్చు కాదని మినహాయించారు, సంతోషం. అదే రూల్‌లో బండ్ల నిర్వహణ, ఫోన్ బిల్లులు, లీగల్ ఫీజులు, ఆఫీసు అద్దె, ఇవన్నీ ఆఫీసు ఖర్చే. అంటే బడి, ఆస్పత్రి నడిపేవాళ్ళకి 20 శాతం ఇబ్బందే గానీ ప్రాణం పోదు, ఆడోళ్ళ హక్కుల మీద పనిచేసేవాళ్ళకి మాత్రం పనిలో చాలా ఖర్చు ఆ కాలమ్‌లోకే పోయే ప్రమాదముంది.

ఒక బాల్యవివాహం ఆపడమంటే ఏం చేస్తారో దగ్గర్నుంచి చూస్తే ఇది తెలుస్తుంది. రాత్రి పది దాటాక ఫోన్ వస్తుంది, ఎక్కువగా ఆ పిల్ల క్లాస్‌మేటో అంగన్‌వాడీ టీచరో చేస్తుంది, పేరు చెప్పదు, ఊరు చెప్పి "తెల్లారితే ముహూర్తం అక్కా" అని పెట్టేస్తుంది. అప్పటికప్పుడు జీపు కావాలి, ఐసీడీఎస్ (అంగన్‌వాడీల శాఖ) సూపర్‌వైజర్‌ని ఇంటికాడ ఎక్కించుకోవాలి, స్టేషన్‌కి పోయి కానిస్టేబుల్‌ని బతిమాలాలి, ఊరికి చేరేసరికి పందిరి ఉంటుంది గానీ పిల్ల ఉండదు, పావగడ వైపు ఏదో గుడికి మార్చేసుంటారు, పావగడ చుట్టూ మన ఊర్లే ఉన్నా అది కర్ణాటక, మన పోలీసులు అక్కడ చేయగలిగింది తక్కువ. పెళ్ళి ఆగిందనుకో, తల్లిదండ్రులతో పద్దెనిమిది నిండేదాకా పెళ్ళి చేయబోమని ఆఫీసర్ల ముందు రాయించుకోవాలి, పిల్లని కొన్నాళ్ళు హోంలో పెట్టాలి, కేజీబీవీలో (ఆడపిల్లల సర్కారు హాస్టల్ బడి) సీటు కోసం తిరగాలి, ఆ తర్వాత కూడా నెలనెలా ఆ ఇంటికి పోయి పిల్ల ఉందా లేదా చూసుకోవాలి. ఈ పనికైన ఖర్చు రాయమంటే డీజిల్, ఫోన్, లాయర్, అంతే. కట్టిన బిల్డింగ్ లేదు, పంచిన నోట్‌బుక్కుల్లేవు. కౌన్సెలర్ జీతం ఏ కాలమ్ అనేది ఆడిటర్ ధైర్యాన్ని బట్టి ఉంటుంది, 2020 తర్వాత ధైర్యమున్న ఆడిటర్లు తగ్గిపోయారు.

ఈ పని అవసరం తీరిపోయిందా అంటే లేదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (ఎన్ఎఫ్‌హెచ్ఎస్-5) ప్రకారం 20 నుంచి 24 ఏళ్ళ ఆడవాళ్ళలో పద్దెనిమిది నిండకుండానే పెళ్ళయినోళ్ళు దేశం మొత్తం మీద 23.3 శాతం, మన రాష్ట్రంలో 29.3 శాతం. కదిరి చుట్టుపక్కల నుంచి పని ఇప్పిస్తామని ఆడోళ్ళని పెద్ద సిటీలకి తీసుకుపోయి అమ్మేసిన కేసులు ఎన్ని బయటపడ్డాయో పేపర్ చదివే వాళ్ళందరికీ తెలుసు, అట్లా తిరిగొచ్చినోళ్ళ కేసులు కోర్టులో ఏళ్ళకేళ్ళు నడుస్తాయి, వాయిదా వాయిదాకీ తోడు పోవాలి.

ఇక మొదటి మార్పు. ఆర్డీటీ లాంటి పెద్ద సంస్థ సొంత స్టాఫ్‌తో సొంతంగా పనిచేస్తుంది కాబట్టి డబ్బు ఇంకొకరికి ఇవ్వకూడదన్న రూల్ దానికి పెద్దగా తగలదు. తగిలింది మండల సెంటర్లో అద్దె గదిలో ముగ్గురు ఆడోళ్ళతో నడిచే చిన్న సొసైటీలకి. వీళ్ళకి స్పెయిన్ నుంచో జర్మనీ నుంచో నేరుగా డబ్బు తెచ్చుకునే ఇంగ్లీషు లేదు, పరిచయాలు లేవు, హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో ఉన్న పెద్ద సంస్థ తెచ్చి వీళ్ళకి కొంత ఇచ్చేది. అది ఒక్క నెలలో బంద్. ఢిల్లీ ఖాతాకి పెట్టిన గడువు 2021 మార్చి 31, తర్వాత జూన్ 30కి పొడిగించారు, అంటే సెకండ్ వేవ్‌లో ఆక్సిజన్ కోసం జనం పరిగెత్తుతా ఉంటే వీళ్ళు బ్యాంకు పేపర్ల కోసం పరిగెత్తారు. అప్పుడు ఆఫీసుకి తాళం వేసుకున్నోళ్ళ కోసం ఏ ర్యాలీ జరగలేదు. ఆర్డీటీ పెద్దది కాబట్టి దాని గోడు వినపడింది.

కేంద్రం వాదన కూడా చెప్పాలి. కొన్ని సంస్థలు వచ్చిన డబ్బులో సగం ఆఫీసుకే తినేస్తున్నాయి, చేతులు మారితే డబ్బు చివరికి ఎక్కడ తేలిందో పట్టుకోలేం, మతమార్పిళ్ళకి వాడుతున్నారు అనేది వాళ్ళ మాట. సుప్రీంకోర్టు 2022 ఏప్రిల్‌లో ఈ సవరణల్ని చాలావరకు సమర్థించింది, విదేశీ విరాళం తీసుకోవడం ఎవరికీ తిరుగులేని హక్కు కాదని చెప్పింది. దొంగ సంస్థలు లేవని నేనూ అనను.

మన డబ్బుతోనే చేసుకోవచ్చుగా అనేది ఇప్పుడు గట్టిగా వినిపించే మాట. ఆర్డీటీ వాళ్ళు ఇంటింటికీ హుండీలిచ్చి చిల్లర పోగు చేయించడం ఎప్పుడో మొదలెట్టారు, ఆ చిల్లరతో ఎంత దూరం పోగలరో పక్కన పెడదాం. కంపెనీల సీఎస్ఆర్ ఉంది, 2013 కంపెనీల చట్టం ప్రకారం పెద్ద కంపెనీలు లాభంలో 2 శాతం సమాజం కోసం ఖర్చు పెట్టాలి, దేనికి పెట్టొచ్చో చెప్పే జాబితాలో చదువు, మహిళా సాధికారత రెండూ ఉన్నాయి. కానీ సీఎస్ఆర్ వాళ్ళు బడికి బాత్రూం కట్టిస్తారు, సైకిళ్ళిస్తారు, బోర్డు మీద పేరు రాసుకుంటారు, మంచిదే, మొగుడు కొట్టాడని కేసు పెట్టిన ఆడమనిషికి లాయర్‌ని పెట్టమంటే మాత్రం అది మా పాలసీలో లేదంటారు. పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేస్తే వచ్చే పని కూడా ఒకప్పుడు ఎన్జీవోలే చూసేవి, 2023లో అదీ ప్రభుత్వం చేతికి పోయింది.

2025లో కలెక్టరేట్ ముందు ఇచ్చిన వినతిపత్రాల్లో అందరూ అడిగింది రెన్యువల్ ఒక్కటే. రెన్యువల్ అయితే ఆస్పత్రులు నడుస్తాయి, బడులు నడుస్తాయి, జిల్లాకి అది చిన్న విషయం కాదు. కానీ అది ఇచ్చినా రూల్ 5 అట్లనే ఉంటుంది, డబ్బు ఇంకో సంస్థకి ఇవ్వకూడదన్న సెక్షన్ 7 అట్లనే ఉంటుంది, వీటిని మార్చమని అడిగిన లీడర్ ఏ పార్టీలోనూ నాకింతవరకు కనపడలేదు.