పెద్దబిడ్డ తెలివి ఎక్కడిది?

పెద్దపిల్లకు బాధ్యత ఎక్కువనీ, చివరివాడు గారాబంతో మొండికేస్తాడనీ ఇంటింటా వినే మాటే. తమ్ముడో చెల్లెలో పుట్టగానే పెద్దబిడ్డ సింహాసనం పోతుందని, స్వభావం అక్కణ్నుంచే మలుపు తిరుగుతుందని వియన్నా వైద్యుడు ఆల్‌ఫ్రెడ్ ఆడ్లర్ సిద్ధాంతమే చేశాడు. కానీ 2015లో అమెరికా, బ్రిటన్, జర్మనీల్లో 20,000 మందికి పైగా వివరాలు పరిశీలిస్తే, పుట్టిన వరసకూ బాధ్యత, కలుపుగోలుతనం వంటి గుణాలకూ చెప్పుకోదగ్గ సంబంధమే కనపడలేదు. మనం పన్నెండేళ్ల అక్క పక్కన ఏడేళ్ల తమ్ముణ్ని నిలబెట్టి పోలుస్తాం. ఆ తేడా చాలావరకు వయసుది.

తెలివితేటల సంగతి వేరు. నార్వేలో సైన్యంలోకి తీసుకునే ముందు 18, 19 ఏళ్ల కుర్రాళ్లకు తెలివితేటల పరీక్ష పెట్టేవారు. అలాంటి సుమారు 2,40,000 మంది ఫలితాలను 2007లో ఇద్దరు పరిశోధకులు విశ్లేషించారు. మొదటి సంతానానికి రెండోవాళ్ల కంటే సగటున రెండు ఐక్యూ పాయింట్ల పైచిలుకు ఎక్కువ వచ్చింది. చాలా చిన్న తేడా. మీ ఇంట్లో అన్నదమ్ముల్లో ఎవరు చురుకో దీన్నిబట్టి చెప్పలేం. అయినా కారణం తల్లి గర్భంలో ఉందా, ఇంట్లో ఉందా? తమకన్నా ముందు పుట్టిన బిడ్డ పసితనంలోనే చనిపోయిన కుర్రాళ్లను వాళ్లు విడిగా చూశారు. పుట్టుకలో రెండోవాళ్లు, పెంపకంలో మొదటివాళ్లు. వాళ్ల మార్కులు మొదటి సంతానంతో సమానంగా ఉన్నాయి! నా దృష్టిలో ఈ అంశంపై ఇంతకన్నా చక్కటి సాక్ష్యం లేదు. కొన్నాళ్లపాటు అమ్మానాన్నల ధ్యాసంతా ఒక్క బిడ్డ మీదే ఉండటం ఒక కారణం కావచ్చు. చెల్లికి ఎక్కాలు నేర్పే అక్కకు ఆ ఎక్కాలు ఇంకా గట్టిపడటం మరొకటి కావచ్చు.

మన దేశంలో ఈ వరస ప్రభావం ఒంటిమీదే కనిపిస్తుంది. ఆఫ్రికాలోని అనేక పేద దేశాల పిల్లలకన్నా మన పిల్లలు పొట్టిగా ఎందుకున్నారని ఆర్థికవేత్తలు సీమా జయచంద్రన్, రోహిణి పాండే ఆరా తీశారు. 2017లో ప్రచురించిన వాళ్ల లెక్కల్లో మొదటి సంతానానికి ఆ లోటే లేదు. రెండో బిడ్డతో మొదలై, ఆపై ప్రతి కాన్పుకూ పెరిగింది. తర్వాతి కాన్పుల్లో గర్భిణి పరీక్షలూ, ఐరన్ మాత్రలూ, బిడ్డ టీకాలూ తగ్గుతూ వచ్చాయి. పెద్దకొడుకు మీద ఉండే మోజే దీనికి ముఖ్య కారణమని వాళ్లు తేల్చారు. అన్న లేని ఆడపిల్లకు ఇంకో దెబ్బ: కొడుకు కోసం మళ్లీ కాన్పుకు సిద్ధమయ్యే ఇల్లు, రాబోయే వాడి కోసం ఆమె వాటాలోంచే మిగిల్చుకుంటుంది.