మన ఎండల్లో సోర్‌డో బ్రెడ్

సోర్‌డో అంటే కొన్న ఈస్టు వేయకుండా, పులిసిన పిండితోనే పొంగించే పుల్లటి బ్రెడ్. దాన్ని చేసే పద్ధతులు చాలావరకు చలిదేశాల వంటిళ్లలో పుట్టినవి. పిండి కలిపి రాత్రంతా బయట ఉంచమని వాటిలో రాసి ఉంటుంది. 20 డిగ్రీల గదిలో ఆ మాట నిజమే. ఏప్రిల్‌లో విజయవాడలో అలాగే వదిలేస్తే తెల్లారేసరికి గిన్నెలో పుల్లటి జావ మిగులుతుంది. వారానికి సరిపడా బ్రెడ్ ఇంట్లోనే చేసుకోవాలనుకునేవాళ్లు ముందు పట్టించుకోవాల్సింది వేడిని. కొలతలు ఆ తర్వాత.

స్టార్టర్ అంటే తడిపిండిలో కలిసి బతికే ఈస్టులు, లాక్టిక్ ఆమ్ల బ్యాక్టీరియాలు. పొంగు ఎక్కువగా ఈస్టు పని, పులుపు బ్యాక్టీరియా పని. శాన్‌ఫ్రాన్సిస్కో బ్రెడ్‌లో 1971లో గుర్తించిన బ్యాక్టీరియాకి ఆ ఊరి పేరు మీదే శాన్‌ఫ్రాన్సిసెన్సిస్ అని పేరు. పిండిలోని ఎంజైములు గంజిపదార్థాన్ని (స్టార్చ్‌ని) విరగ్గొట్టి మాల్టోజ్ అనే చక్కెర తయారుచేస్తాయి. ఈ బ్యాక్టీరియాకి అదే ఇష్టమైన తిండి. దాని పక్కనే తరచుగా కనిపించే కజక్‌స్టానియా హ్యుమిలిస్ అనే ఈస్టు మాల్టోజ్‌ని ముట్టదు, మిగతా చక్కెరలతో సరిపెట్టుకుంటుంది. ఒకరి కంచంలో ఇంకొకరు చెయ్యి పెట్టరు కాబట్టే ఆ కాపురం ఏళ్ల తరబడి నిలుస్తుంది.

వేడి పెరిగితే ఈ పొత్తు చెడుతుంది. ఆ బ్యాక్టీరియా 32 డిగ్రీల దగ్గర జోరుగా పెరుగుతుంది. ఈస్టుకి 27 చుట్టుపక్కల హాయి, 35 దాటితే దాదాపు చతికిలబడుతుంది. అంటే మన వేసవిలో పిండి పొంగే వేగం కంటే పులిసే వేగం ఎక్కువ. ఇడ్లీపిండి ఓ గంట ఎక్కువ పులిసినా ఇడ్లీలు వస్తాయి, అక్కడ గ్లూటెన్ (గోధుమలో ఉండే సాగే ప్రొటీన్) లేదు. గోధుమపిండిలో పులుపు మితిమీరితే ప్రొటీన్లను కత్తిరించే ఎంజైములు చురుకై, గాలిని పట్టి ఉంచే గ్లూటెన్ వల తెగిపోతుంది. ఆ పిండిని మళ్లీ దారికి తేలేం.

స్టార్టర్ మొదలుపెట్టడానికి మైదా కంటే మరలో పట్టించిన గోధుమపిండి మేలు. మనకు కావలసిన సూక్ష్మజీవులు ఎక్కువగా తవుడును అంటిపెట్టుకుని ఉంటాయి. గాజు సీసాలో 50 గ్రాముల పిండి, 50 గ్రాముల నీళ్లు కలిపి మూత వదులుగా పెట్టాలి. మర్నాటి నుంచి రోజూ అందులో 25 గ్రాములు మాత్రం ఉంచి, 50 గ్రాముల పిండి, 50 గ్రాముల నీళ్లు చేర్చాలి. రెండోరోజే బుడగలు ఉబికి వస్తే అది ఈస్టు అనుకోకండి, తొలిదశ బ్యాక్టీరియాల హడావుడి. పులుపు పెరగగానే అవి చచ్చిపోతాయి, నాలుగోరోజుకల్లా సీసాలో అలికిడి ఉండదు. చాలామంది పారబోసేది ఇక్కడే, అయ్యో అనిపిస్తుంది. పులుపును తట్టుకునే జీవులు స్థిరపడేది సరిగ్గా ఆ మౌనంలోనే. మానకుండా కొనసాగిస్తే వారం, పదిరోజుల్లో పిండి వేసిన ప్రతిసారీ రెట్టింపు పొంగుతుంది. పైన నల్లటి నీరు తేలితే ఆకలి మీదుందని అర్థం, కలిపేసి పిండి వేస్తే చాలు. గులాబీ, నారింజ రంగు చారలు గానీ బూజు గానీ కనిపిస్తే మాత్రం సీసా అంతా పారేయాలి.

నలుగురున్న ఇంటికి వారానికి రెండు బ్రెడ్‌లు సరిపోతాయనుకుందాం. శుక్రవారం రాత్రి ఫ్రిజ్‌లోని 20 గ్రాముల స్టార్టర్‌కి 100 గ్రాముల మైదా, 100 గ్రాముల నీళ్లు కలిపితే పొద్దుటికి 220 గ్రాములవుతుంది. అందులో 200 గ్రాములు బ్రెడ్‌కి, మిగిలిన 20 గ్రాములు మళ్లీ ఫ్రిజ్‌కి. ఇలా అయితే స్టార్టర్ పారబోయాల్సిన పనే లేదు. రాత్రిళ్లు కూడా 30 డిగ్రీలుండే రోజుల్లో 20 బదులు 10 గ్రాములతో మొదలుపెట్టి, పిండీ నీళ్లూ 105 గ్రాముల చొప్పున వేయండి.

శనివారం పొద్దున 800 గ్రాముల మైదా, 200 గ్రాముల గోధుమపిండి, 600 గ్రాముల నీళ్లు, ఆ 200 గ్రాముల స్టార్టర్ కలిపి అరగంట వదిలేయాలి. తర్వాత 20 గ్రాముల ఉప్పు, ఇంకో 20 గ్రాముల నీళ్లు చేర్చి పిసకాలి. విదేశీ పద్ధతుల్లోలా నీళ్లు 750 గ్రాముల దాకా పోస్తే మన మైదా నిలబడదు. గది 33 డిగ్రీలుంటే సగం ఫ్రిజ్ నీళ్లు, సగం మామూలు నీళ్లు వాడండి. అప్పుడు ముద్ద 26 డిగ్రీల దగ్గర మొదలవుతుంది. గిన్నెను చల్లటి నీళ్ల పళ్లెంలో పెడితే ఇంకా మంచిది. అమెరికాలో చలికాలం 19 డిగ్రీల వంటింట్లో చేసేవాళ్లకు లెక్క తిరగబడుతుంది, నీళ్లు 32 డిగ్రీలుండాలి.

అరగంటకోసారి నాలుగుసార్లు, తడిచేత్తో ముద్ద అంచు పట్టి లాగి పైకి మడవాలి. మొదటిసారి తెగిపోయే పిండి నాలుగోసారికి పొరలా సాగుతుంది. నిటారుగా ఉండే డబ్బాలో వేసి, మొదటి మట్టం దగ్గర రబ్బరు బ్యాండు పెట్టుకుంటే పొంగు ఎంతో కళ్లకు కడుతుంది. బ్యాండు పైన 40 శాతం పెరగ్గానే ఆపేయండి. ఆ వేడికి ఇది మూడున్నర, నాలుగు గంటల పని. ఫ్రిజ్‌లో పెట్టాక కూడా పిండి పూర్తిగా చల్లబడేదాకా పొంగుతూనే ఉంటుంది కాబట్టి రెట్టింపయ్యేదాకా ఆగకూడదు. రెండు ముద్దలు చేసి, నూలుగుడ్డ పరిచిన గిన్నెల్లో పెట్టి ఫ్రిజ్‌లో ఉంచాలి. గుడ్డ మీద మైదాకి బదులు బియ్యప్పిండి చల్లండి. దానికి గ్లూటెన్ లేదు, అంటుకోదు.

ఆదివారం పొద్దున ఓవెన్‌లో మూత ఉన్న ఇనప గిన్నె పెట్టి 230 డిగ్రీల్లో 40 నిమిషాలు కాగనివ్వాలి. మూతకి ప్లాస్టిక్ పిడి ఉంటే ముందే తీసేయండి. చల్లటి ముద్ద మీద బ్లేడుతో సెంటీమీటరు లోతు గాటు పెట్టి, మూతవేసి 20 నిమిషాలు, మూత తీసి ఇంకో 20, 25 నిమిషాలు కాల్చాలి. మూత కింద చిక్కిన ఆవిరి పైపొరను మెత్తగా ఉంచుతుంది, లోపలి వాయువు వ్యాకోచించడానికి వీలవుతుంది. చిన్న ఓటీజీలో (బల్ల మీద పెట్టుకునే కరెంటు ఓవెన్‌లో) ఒకటి కాలేదాకా రెండోది ఫ్రిజ్‌లోనే ఉండాలి. బ్రెడ్ మధ్యలో థర్మామీటర్ 96 నుంచి 98 డిగ్రీలు చూపిస్తే కాలినట్టే. రెండు గంటలైనా ఆరనివ్వకుండా కోస్తే గంజిపదార్థం గట్టిపడక కత్తికి జిగురు అంటుకుంటుంది.

కోశాక లోపల అక్కడక్కడా పెద్ద సొరంగాలు, చుట్టూ బిగుసుకుపోయిన ముద్ద కనిపిస్తే పిండి తక్కువ పులిసింది. చప్పగా పరుచుకుపోయి, ఎంత కాల్చినా పైపొర పాలిపోయి ఉంటే ఎక్కువ పులిసింది. ఎర్రగా కాలడానికి కావలసిన చక్కెరలు అప్పటికే ఖర్చైపోయాయన్నమాట. మన ఎండల్లో ఎక్కువగా జరిగేది ఈ రెండోదే. అయినా బ్రెడ్ గట్టిగా వచ్చిందని మరుసటి వారం ఇంకా ఎక్కువసేపు పులియబెడతారు, ఇంకా చెడుతుంది.

ఒక బ్రెడ్ గుడ్డలో చుట్టి బయట ఉంచుకోవచ్చు. ఉక్కపోతలో కోసిన వైపు బూజు త్వరగా పడుతుంది, మూడురోజుల్లో తినేయండి. రెండోది ముక్కలు కోసి ఫ్రీజర్‌లో పెట్టి, గడ్డకట్టిన ముక్కలనే టోస్టర్‌లో వేసుకోవాలి. ఫ్రిజ్ కింది అరలో మాత్రం పెట్టొద్దు. సున్నాకి కాస్త పైన ఉండే ఆ చల్లదనంలోనే గంజిపదార్థం మళ్లీ స్ఫటికంలా గట్టిపడి బ్రెడ్ అన్నిటికంటే త్వరగా పెళుసెక్కుతుంది.

మైదా వద్దనుకుని పూర్తిగా గోధుమపిండితో చేస్తే ఒక లాభం ఉంది. పులుపు ఫైటేజ్ అనే ఎంజైముకి ఊతమిచ్చి, ఇనుము, జింకు ఒంటికి పట్టకుండా అడ్డుపడే ఫైటిక్ ఆమ్లాన్ని తగ్గిస్తుంది. కానీ మరలో నలిగిన గంజిరేణువులు ఎక్కువ నీళ్లు తాగుతాయి, తవుడు పలుకులు గ్లూటెన్‌ను కోస్తాయి. కిలో పిండికి 750 గ్రాముల నీళ్లు పోసి, అచ్చు డబ్బాలో, 30 శాతం పొంగగానే కాల్చాలి. లోపల చిన్న చిన్న రంధ్రాలే వస్తాయి, అదే దాని తీరు. సీలియక్ జబ్బు (గ్లూటెన్ తింటే పేగులు దెబ్బతినే జబ్బు) ఉన్నవాళ్లు మాత్రం ఎంత పులిసిన గోధుమ బ్రెడ్ అయినా తినకూడదు.