ఆకారాన్ని వెతుకుతూ సౌష్ఠవాన్ని పక్కన పెట్టారు

కంటి వెనక ఉండే తెర, రెటీనా, మీద పడే బొమ్మకు పొడవూ వెడల్పూ ఉంటాయి, లోతు ఉండదు. లెక్క ప్రకారం ఆ ఒక్క బొమ్మకు సరిపోయే త్రిమితీయ ఆకారాలు అనంతం. అయినా కుర్చీని ఏ మూల నుంచి చూసినా, ఒక కన్ను మూసుకున్నా, అది కుర్చీలాగే కనిపిస్తుంది.

లోతును కన్ను నేరుగా చూడదనీ, స్పర్శ వల్ల, అనుభవం వల్ల తెలుస్తుందనీ తత్వవేత్త జార్జ్ బర్క్‌లీ 1709లోనే వాదించాడు. 1838లో శాస్త్రవేత్త చార్లెస్ వీట్‌స్టన్, ఒక్కో కంటికి ఒక్కో బొమ్మ చూపే స్టీరియోస్కోపుతో రెండు కళ్ల బొమ్మల్లోని తేడా నుంచి లోతు పుడుతుందని చూపించాడు. అప్పటి నుంచి అందరి దృష్టీ లోతు మీదే. లోతు తెలిస్తే ఆకారం దానంతటదే వస్తుందనుకున్నారు.

1931లో బ్రిటన్ మనస్తత్వవేత్త రాబర్ట్ థౌలెస్ గుండ్రటి బిళ్లలను వాల్చి పెట్టి, ఎలా కనిపిస్తున్నాయని అడిగాడు. జవాబులు అసలు వృత్తానికీ, కంట్లో పడే దీర్ఘవృత్తానికీ మధ్య ఎక్కడో పడ్డాయి. మనం చూసే ఆకారం నిఖార్సైనది కాదన్న అభిప్రాయం అక్కడ బలపడింది. నా ఉద్దేశంలో చిక్కంతా ఎంచుకున్న వస్తువులోనే ఉంది. ఏ దీర్ఘవృత్తాన్నయినా తగినట్టు వాలిస్తే మరో దీర్ఘవృత్తంలా కనిపిస్తుంది. వాలు తెలియకుండా దాని ఆకారం చెప్పడం ఎవరి తరమూ కాదు.

1987లో మనస్తత్వ పరిశోధకులు ఇర్విన్ రాక్, జోసెఫ్ డివిటా అడ్డదిడ్డంగా వంచిన తీగలు వాడారు. తీగను కాస్త తిప్పి చూపిస్తే జనం పోల్చుకోలేకపోయారు. అదే ఏడాది ఇర్వింగ్ బీడర్‌మన్ ఇందుకు భిన్నమైన సిద్ధాంతం తెచ్చాడు: వస్తువులను స్థూపం (సిలిండర్), ఇటుక వంటి సరళ భాగాలుగా గుర్తిస్తామనీ, అందుకే చూసే కోణం మారినా తడబడమనీ. ఈ వాదులాట చాలా ఏళ్లు సాగింది. మనుషులు, జంతువులు, మనం వాడే సామాన్లు చాలావరకు కుడి ఎడమలు అద్దంలో బింబాల్లా ఉంటాయి. ఇదే సౌష్ఠవం. తీగల పరీక్ష పకడ్బందీగా ఉండాలని దాన్నే తీసేశారు!

1994లో పరిశోధకులు థామస్ వెటర్, టొమాసో పోజియో, హైన్‌రిష్ బూల్‌థాఫ్ ఆ లోటు పూడ్చారు. సౌష్ఠవమున్న వస్తువులో ఏ బిందువుకు ఏది జతో తెలిస్తే, ఒక్క చిత్రం నుంచే రెండో కోణపు చిత్రాన్ని లెక్కగట్టవచ్చు. సరిగ్గా ఎదురుగా నిలబడి చూస్తే మాత్రం రెండో చిత్రం మొదటిదే అవుతుంది, కొత్తగా తెలిసేదేమీ ఉండదు.

అయినా ఒక సంఖ్య తేలదు, అది మారితే ఆకారమూ మారుతుంది. సాధ్యమైన ఆకారాలు ఒకే వరుసలో మిగులుతాయి. పర్డ్యూ విశ్వవిద్యాలయంలో జిగ్మంట్ పిజ్లో బృందం ఆ వరుసలోంచి ఒకదాన్ని ఎంచే షరతు పెట్టింది: ఉపరితలం కొద్దిగా, ఘనపరిమాణం ఎక్కువగా ఉండాలి. 2009లో వాళ్లు ప్రచురించిన గణిత నమూనా కట్టిన ఆకారాలు మనుషులు చూసినవాటికి చాలా దగ్గరగా వచ్చాయి. 2011లో రెండు కళ్లనూ కలిపారు. స్టీరియో నుంచి, అంటే రెండు కళ్ల బొమ్మల తేడా నుంచి, ఏ బిందువు ముందుందో, ఏది వెనకుందో మాత్రమే తీసుకుని సౌష్ఠవానికి జోడిస్తే పొరపాటు దాదాపు పోయింది.

ఇక్కడొక మెలిక ఉంది. 2009 నమూనాకు వస్తువు అంచులనూ, బిందువుల జతలనూ ముందే అందించారు. గజిబిజి గదిలో కుర్చీ ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో కనిపెట్టే పని వాళ్ల సమీకరణాలు మొదలవకముందే జరగాలి.