ఒప్పుకుంటే ప్రాణం, కాదంటే ఉరి: ‘ది క్రూసిబుల్’ వెనక సేలం

సేలం గ్రామంలో గొడవ మొదలైంది దెయ్యాలతో కాదు, కట్టెలతో. ఇప్పటి అమెరికాలోని మసాచుసెట్స్‌లో ఉన్న ఈ ఊరి మంత్రగత్తెల విచారణల మీదే ఆర్థర్ మిల్లర్ ‘ది క్రూసిబుల్’ నాటకం రాశాడు. 1689లో ఆ ఊరి చర్చికి పాస్టర్‌గా వచ్చిన శామ్యూల్ ప్యారిస్‌కు పొయ్యి కట్టెలు ఎవరు ఇవ్వాలి, ఆయన ఉంటున్న ఇల్లు ఆయనదా, ఊరిదా అన్నది ఎంతకీ తెగని పంచాయితీ. 1691 అక్టోబరులో కొత్తగా వచ్చిన ఊరి కమిటీ అసలు పాస్టర్ జీతం కోసం పన్నే వసూలు చేయబోమంది. మసాచుసెట్స్ అప్పటికి ఇంగ్లండు వలస. ఉత్తరాన ఫ్రెంచివాళ్లతో, స్థానిక తెగలతో యుద్ధం నడుస్తోంది. అక్కడ ఇళ్లు తగలబడి పారిపోయి వచ్చినవాళ్లు ఈ చుట్టుపక్కలే తలదాచుకున్నారు. చలి, భయం, కక్షలు. ఆ శీతాకాలంలో, 1692 జనవరిలో, పాస్టర్ కూతురు తొమ్మిదేళ్ల బెట్టీ, అదే ఇంట్లో పెరుగుతున్న పదకొండేళ్ల బంధువుల పిల్ల అబిగెయిల్ విలియమ్స్ ఉన్నట్టుండి మెలికలు తిరిగిపోవడం, అరవడం మొదలుపెట్టారు.

మన ఊళ్లో అయితే పూనకం అనేవాళ్లు, అమ్మవారు వచ్చిందని దండం పెట్టేవాళ్లు. కఠిన నియమాల క్రైస్తవులైన ప్యూరిటన్ల ఊరిలో పూనడానికి సైతాను తప్ప మరో దేవత లేదు. పిల్లల మీద దుష్టశక్తి చెయ్యి పడిందని వైద్యుడు తేల్చాడు. ఎవరు చేశారని పెద్దవాళ్లు గుచ్చిగుచ్చి అడిగితే పిల్లలు మూడు పేర్లు చెప్పారు. ఒకరు ఇంటింటికీ తిరిగి అడుక్కునే సారా గుడ్. ఇంకొకరు ఆస్తి తగాదాలో ఉండి, జబ్బుపడి చర్చికి రావడం మానేసిన సారా ఆస్బోర్న్. మూడో మనిషి పాస్టర్ ఇంట్లోనే బానిసగా ఉన్న టిట్యుబా. జిల్లా పేజీల్లో ‘చేతబడి చేస్తున్నారన్న అనుమానంతో’ అని మొదలయ్యే వార్తలు చదివేవాళ్లకి ఈ ఎంపిక కొత్తగా అనిపించదు.

ఫిబ్రవరి 29న ఫిర్యాదు ఇచ్చింది మాత్రం పిల్లలు కాదు, నలుగురు మగవాళ్లు. వాళ్లలో థామస్ ప్రెస్టన్ ఒకడు. అయిదు నెలలు తిరగకముందే అతని సొంత అత్తగారు రెబెకా నర్స్‌ను ఇదే నేరం కింద ఉరితీశారు.

మొదటి ఇద్దరూ నేరం కాదన్నారు. టిట్యుబా కూడా ముందు కాదంది, తర్వాత ఒప్పుకుంది. సైతాను తన దగ్గరికి ఒక పుస్తకం తెచ్చాడని, అందులో తొమ్మిది గుర్తులు చూశానని చెప్పింది. గుడ్, ఆస్బోర్న్‌లవి పోగా మిగతావి ఎవరివో తెలియదంది. ఊరిని తగలబెట్టింది ఈ మాటే అని నాకనిపిస్తుంది. ముగ్గురి కేసు ముగ్గురితో అయిపోలేదు, మిగతావాళ్లు ఎవరో తేలాలి. వెతకడం మొదలుపెట్టాక తొమ్మిది దగ్గర ఎవరూ ఆగలేదు. ఏడాది తిరిగేసరికి నిందితులు నూట యాభై దాటారు. సారా గుడ్ కూతురు డొరతీకి నాలుగైదేళ్లుంటాయి. ఆ పిల్లను కూడా సంకెళ్లు వేసి జైల్లో పెట్టారు.

నేరం ఒప్పుకున్న టిట్యుబా బతికింది, కాదన్న సారా గుడ్‌కు ఉరి పడింది. ఆస్బోర్న్ విచారణ దాకా రాకుండానే జైల్లో చనిపోయింది. జనానికి లెక్క అర్థమైంది. ఒప్పుకుంటే ప్రాణం నిలుస్తుంది, కానీ ఒప్పుకోలును నమ్మాలంటే తోడు ఎవరున్నారో చెప్పాలి. అంటే అప్రూవర్‌గా మారాలి. సుమారు యాభై మంది అలా మారారు. శామ్యూల్ వార్డ్‌వెల్ ఒప్పుకుని, తర్వాత మనసు ఒప్పక ఆ మాట వెనక్కి తీసుకున్నాడు. సెప్టెంబరు 22న అతన్ని ఉరితీశారు. ఆ వేసవిలో ఉరికంబం ఎక్కిన 19 మందిలో ఒప్పుకోలు మీద నిలబడినవాళ్లు ఒక్కరూ లేరు.

కొత్త గవర్నర్ విలియం ఫిప్స్ మే నెలలో ప్రత్యేక కోర్టు వేశాడు. విలియం స్టౌటన్ దానికి ప్రధాన న్యాయమూర్తి. ఈ కోర్టు ఛాయా సాక్ష్యాన్ని కూడా చెల్లనిచ్చింది. ‘రాత్రి ఫలానా ఆవిడ రూపం వచ్చి నా గొంతు నులిమింది’ అని ఒక పిల్ల చెబితే అది సాక్ష్యం. ఆవిడ ఆ సమయానికి ఇంట్లో నిద్రపోతోందని మొగుడు చెప్పినా పనికిరాదు, వచ్చింది రూపమే కదా! రెబెకా నర్స్‌కు డెబ్బై దాటాయి, భక్తురాలిగా పేరుంది. జ్యూరీ మొదట ఆమె నిర్దోషి అంది. ఆ మాట వినగానే పిల్లలు కోర్టులోనే గగ్గోలు పెట్టారు. స్టౌటన్ మళ్లీ ఆలోచించుకోమని జ్యూరీని లోపలికి పంపాడు. ఈసారి వాళ్లు దోషి అంటూ బయటికొచ్చారు.

ఎనభై ఏళ్ల జైల్స్ కోరీ మొదట్లో సొంత భార్య మార్తా మీదే సాక్ష్యం చెప్పినవాడు. తనవంతు వచ్చాక విచారణకు ఒప్పుకోనని భీష్మించాడు. అతన్ని పడుకోబెట్టి పైన బండలు పేర్చుకుంటూ పోయారు. సెప్టెంబరు 19న ప్రాణం పోయింది. మూడు రోజులకు మార్తాను ఉరితీశారు. సేలంలో మంత్రగత్తెలను తగలబెట్టారని చాలామంది అనుకుంటారు. ఒక్కరిని కూడా తగలబెట్టలేదు, అన్నీ ఉరులే, కోరీ ఒక్కడు తప్ప.

దీన్ని సామూహిక ఉన్మాదం అని ఒక్క మాటలో తేల్చేయడం నాకు నచ్చదు. అందులో తప్పంతా ఆడపిల్లల నరాల మీదకి పోతుంది. రై అనే ధాన్యం గింజలకు పట్టే ఎర్గాట్ బూజు తిని అలా ప్రవర్తించారని 1976లో ఒక వాదన వచ్చింది, అదే ఏడాది దానికి గట్టి జవాబూ వచ్చింది. అయినా బూజు వారంట్లు రాయదు కదా. అక్టోబరులో ఫిప్స్ కోర్టును రద్దు చేశాడు. తర్వాత వచ్చిన కోర్టు ఛాయా సాక్ష్యాన్ని పక్కనపెట్టగానే దాదాపు అందరూ విడుదలయ్యారు. పిల్లలు అప్పుడూ ఆ పిల్లలే, మారింది కోర్టు నియమం.

రెండున్నర శతాబ్దాల తర్వాత ఆర్థర్ మిల్లర్‌ను సేలం రికార్డుల దగ్గరికి లాక్కొచ్చింది కూడా ఈ పేర్లు చెప్పించే పద్ధతే. 1950లో అమెరికా సెనేటర్ జోసెఫ్ మెకార్తీ ప్రభుత్వంలో కమ్యూనిస్టులున్నారంటూ జాబితా ఊపాడు. ప్రతినిధుల సభ కమిటీ అంతకుముందు నుంచే సినిమావాళ్లను పిలిచి, మీలో కమ్యూనిస్టులు ఎవరెవరని అడుగుతోంది. కమిటీకి వాళ్ల పేర్లు అప్పటికే తెలుసు, అయినా సాక్షి నోటితో చెప్పించాలి, చెబితేనే మళ్లీ పని దొరుకుతుంది. మిల్లర్ నాటకాలకు దర్శకుడు, స్నేహితుడు ఎలియా కజాన్ 1952 ఏప్రిల్‌లో ఎనిమిది మంది పేర్లు చెప్పాడు. ఆ నిర్ణయం సంగతి ముందే కజాన్ నోట విన్న మిల్లర్ అక్కడి నుంచి సేలంకు బయల్దేరాడు. 1953 జనవరి 22న బ్రాడ్‌వేలో ‘ది క్రూసిబుల్’ తెర లేచింది. ఆ మాటకు కంసాలి బంగారం కరిగించే మూస అని అర్థం.

నాటకం చరిత్రను బాగానే అటూ ఇటూ జరిపింది. పదకొండేళ్ల అబిగెయిల్‌ను పదిహేడేళ్లదాన్ని చేసి, అరవై ఏళ్ల రైతు జాన్ ప్రాక్టర్ వయసు తగ్గించి, ఇద్దరికీ సంబంధం అంటగట్టాడు మిల్లర్. దానికి ఆధారం లేదు. కుట్రంతా ఒక అమ్మాయి అసూయ మీద నిలబెట్టడం నాటకానికి పట్టునిచ్చిందేమో గానీ, జడ్జీల బరువు కొంత తగ్గించింది. ప్రాక్టర్ ఉరి మాత్రం నిజం, 1692 ఆగస్టు 19న. నాటకంలో అతను ఒప్పుకోలు మీద సంతకం పెట్టి మళ్లీ చించేస్తాడు. వేరేవాళ్ల పేర్లు చెప్పడానికి ససేమిరా అంటాడు.

1956లో కమిటీ మిల్లర్‌నే పిలిచింది. తన సంగతి చెప్పాడు. ఎప్పుడో జరిగిన రచయితల సమావేశాల్లో ఇంకెవరున్నారని అడిగితే చెప్పనన్నాడు. సభాధిక్కారం కింద పడిన శిక్షను 1958లో అప్పీలు కోర్టు కొట్టేసింది.

సేలంలో పేర్లు తుడిచే పని ఇంకా చాలాకాలం పట్టింది. 1697లో జడ్జి శామ్యూల్ సెవాల్ చర్చిలో నిలబడి తప్పు ఒప్పుకున్నాడు, స్టౌటన్ ఎన్నడూ ఒప్పుకోలేదు. ఆరోపణలు చేసిన పిల్లల్లో ఒకతె ఆన్ పుట్నమ్ 1706లో క్షమాపణ చెప్పింది. 1711లో కొన్ని కుటుంబాలకు పరిహారం ఇచ్చారు. ఎలిజబెత్ జాన్సన్ జూనియర్ అనే అమ్మాయికి మరణశిక్ష పడి, ఫిప్స్ దయతో ఆగింది. ఆమెకు పిల్లలు లేరు, అడిగే వారసులు లేరు, దోషుల జాబితాలో ఆ పేరు అలాగే ఉండిపోయింది. మసాచుసెట్స్‌లోని నార్త్ ఆండోవర్ ఎనిమిదో తరగతి పిల్లలు వెంటపడ్డాక 2022లో ఆ పేరు కొట్టేశారు.