మినీ పీసీ ఆగిపోతే తప్పంతా బయాస్‌దేనా? అపోహలు - వాస్తవాలు

నల్గొండలో కంప్యూటర్ల మరమ్మతు పని మొదలుపెట్టి పదిహేనేళ్లు దాటింది. మొదట్లో దుకాణానికి వచ్చేవన్నీ మోకాలెత్తు క్యాబినెట్లే. ఇప్పుడు మీసేవ కేంద్రాల్లో, జిరాక్స్ షాపుల్లో, మిర్యాలగూడ రైస్ మిల్లుల కాంటా గదుల్లో, దేవరకొండ, జడ్చర్ల వైపు క్లినిక్కుల్లో టిఫిన్ డబ్బా అంత ఉండే మినీ పీసీలే ఎక్కువగా కనిపిస్తున్నాయి. వాటిలో కొన్ని కొత్తవి, ఎక్కువ భాగం హైదరాబాద్‌లో ఆఫీసులు వాడి తీసేసినవి. ఇవి మాటిమాటికీ ఆగిపోతున్నాయని తెచ్చేవారిలో చాలామంది గడప దాటకముందే "అన్నా, బయాస్ ఖరాబైంది, కొత్తది ఎక్కియ్యరాదే" అంటారు. యంత్రం తెరుచుకునేటప్పుడు అన్నిటికంటే ముందు నడిచే, బోర్డులోనే ఉండే ప్రోగ్రామే బయాస్. అది చెడిపోయిందన్న మాట నిజమైన సందర్భాలు నా అనుభవంలో చాలా తక్కువ. అవసరం లేకుండా బయాస్‌ను కదిలించి, నిక్షేపంలాంటి మదర్‌బోర్డును పోగొట్టుకున్నవారిని చూసిన బాధతో ఇది రాస్తున్నాను.

అపోహ: పనిచేస్తూ చేస్తూ ఆగిపోతే బయాస్ పోయినట్టే.

మనం అలవాటుగా బయాస్ అంటున్నది నేటి యంత్రాల్లో యూఈఎఫ్‌ఐ అనే ఫర్మ్‌వేర్, అంటే చిప్‌లో రాసి ఉంచిన ప్రోగ్రామ్. అది బోర్డు మీద ఎనిమిది కాళ్ల చిన్న చిప్‌లో, సాధారణంగా 16 లేదా 32 మెగాబైట్ల జాగాలో ఉంటుంది. అది నిజంగా చెడిపోతే చాలాసార్లు తెర మీద బొమ్మే రాదు. ఫ్యాన్ తిరుగుతుంది, లైటు వెలుగుతుంది, అంతకుమించి ఏమీ జరగదు. ఉదయం మామూలుగా తెరుచుకుని మూడు గంటలు పనిచేసి ఆ తర్వాత ఆగిన యంత్రంలో ఫర్మ్‌వేర్ తన మొదటి పనిని సక్రమంగానే ముగించిందని అర్థం. కాబట్టి వేరే చోట వెతకడం మొదలుపెట్టాలి.

అన్నిటికంటే ముందు అడగవలసిన ప్రశ్న యంత్రం ఎలా ఆగిందన్నది. కరెంటు పోయినట్టు ఒక్క క్షణంలో ఆరిపోయిందా, తెర మీద బొమ్మ అలాగే ఉండి మౌస్ కదలకుండా బిగుసుకుపోయిందా, లేక నీలం తెర వచ్చి తనంతట తాను మళ్లీ మొదలైందా అన్నది యజమాని స్పష్టంగా చెప్పగలిగితే నా పని సగం అయిపోయినట్టే. మొదటిదానికి కారణం చాలాసార్లు విద్యుత్ వైపు, రెండోదానికి ర్యామ్, డిస్క్, వేడి వైపు, మూడోదానికి డ్రైవర్లు లేదా ర్యామ్ వైపు ఉంటుంది.

చెప్పలేకపోతే, యంత్రంలో జరిగినవి నమోదయ్యే విండోస్ ఈవెంట్ వ్యూయర్‌లో చూడవచ్చు. అక్కడ కెర్నెల్-పవర్ 41 అనే నమోదు కనిపించగానే "పవర్ సప్లై పోయింది" అని తేల్చేసేవారున్నారు, అది కూడా ఒక అపోహే. ఆ నమోదుకు ఉన్న అర్థం, కిందటిసారి యంత్రం సక్రమంగా షట్‌డౌన్ కాలేదని మాత్రమే. దాని వివరాల్లో బగ్‌చెక్ కోడ్ సున్నా కాకుండా ఏదైనా సంఖ్య ఉంటే నీలం తెర వచ్చినట్టు. అది సున్నాగా ఉండి, పవర్ బటన్ టైమ్‌స్టాంప్ దగ్గర సంఖ్య ఉంటే ఎవరో బటన్ నొక్కిపట్టి ఆపినట్టు, అంటే యంత్రం అంతకుముందే బిగుసుకుపోయి ఉండవచ్చు. రెండూ సున్నాలైతే చాలావరకు కరెంటు అందకుండా పోయిందని అనుమానించాలి. దానికి పక్కనే డబ్ల్యూహెచ్‌ఈఏ-లాగర్ పేరుతో ఎర్ర గుర్తు ఉంటే ప్రాసెసరే హార్డ్‌వేర్ లోపాన్ని గుర్తించి రాసిపెట్టిందని గ్రహించాలి.

మిర్యాలగూడలో ఒక మిల్లు కాంటా గదిలోని మినీ పీసీ రోజుకు నాలుగైదుసార్లు ఆరిపోయేది. నా దగ్గరికి రాకముందే దానికి రెండుసార్లు బయాస్ మార్చి ఉన్నారు, ఒకసారి విండోస్ కూడా కొత్తగా వేశారు. నమోదులన్నిటిలో రెండూ సున్నాలే. దుకాణంలో రెండు రోజులు నడిపినా ఒక్కసారీ ఆగలేదు. అప్పుడు మిల్లుకు వెళ్లి కూర్చున్నాను. పెద్ద మోటారు వేసిన ప్రతిసారీ గదిలో బల్బు ఒక్క క్షణం మందగించేది. ఆ క్షణంలోనే పీసీ ఆరిపోయేది. వారి ఇన్వర్టర్‌కు ఉన్న చిన్న స్విచ్ నార్మల్ వైపు ఉంది. ఆ స్థితిలో ఇన్వర్టర్ వోల్టేజి బాగా పడిపోయినా సరిపెట్టుకుంటుంది, బ్యాటరీ మీదికి మారడానికి ఎక్కువ సమయం తీసుకుంటుంది. ఫ్యాన్లకు, లైట్లకు అది చాలు. స్విచ్‌ను యూపీఎస్ వైపు వేస్తే వోల్టేజి తగ్గగానే సుమారు 10 మిల్లీసెకన్లలో బ్యాటరీ అందుకుంటుంది. స్విచ్ జరిపి వచ్చాను, ఆ తర్వాత ఆ ఫిర్యాదు రాలేదు.

అపోహ: పిన్ను సరిపోతే ఏ అడాప్టరైనా ఒకటే.

పాత ఆఫీసు యంత్రాలతో ఇది తరచూ ఎదురవుతోంది. 90 వాట్ల అడాప్టర్ కావలసిన యంత్రానికి 65 వాట్లది జతచేసి అమ్ముతారు. బిల్లులు కొట్టడంలాంటి తేలిక పనులకు ఏ ఇబ్బందీ ఉండదు. వీడియో కాల్ పెట్టినప్పుడో, అప్‌డేట్లు నడుస్తున్నప్పుడో ఠక్కున ఆరిపోతుంది. కొన్ని కంపెనీల అడాప్టర్లలో మధ్యనున్న సన్నని పిన్ను తన సామర్థ్యం ఎంతో యంత్రానికి తెలియజేస్తుంది. ఆ తీగ తెగినా, నకిలీ అడాప్టర్ అయినా యంత్రం దాన్ని గుర్తించక ప్రాసెసర్ వేగాన్ని బాగా తగ్గించేస్తుంది, యజమానికి మాత్రం "విండోస్ స్లో అయింది" అనిపిస్తుంది. మీటర్ పెడితే 19 వోల్టులు చూపుతోంది కదా అని దాన్ని బాగున్నట్టు లెక్కేయకూడదు. ఏ భారమూ లేనప్పుడు చూపే వోల్టేజి, భారం పడ్డాక నిలబడే వోల్టేజి ఒకటి కావు. అదే సామర్థ్యం ఉన్న, నమ్మకమైన మరో అడాప్టర్‌తో ఒక రోజంతా నడిపి చూడటమే సరైన పరీక్ష.

అపోహ: ఎండాకాలం అంతే, వేడికి ఆగిపోతుంది.

మన దగ్గర మే నెలలో 44, 45 డిగ్రీలు కొత్త కాదు. అయినా ప్రాసెసర్ వేడెక్కగానే యంత్రం ఆరిపోదు. ఇంటెల్ ప్రాసెసర్లు చాలావరకు 100 డిగ్రీల దగ్గర తమ వేగాన్ని తామే తగ్గించుకుంటాయి. ఆ తర్వాత కూడా వేడి పెరుగుతూ పోతేనే రక్షణ కోసం ఆరిపోతాయి. అందువల్ల ఎండలో యంత్రం మందగిస్తే వేడి అని సూటిగా అనవచ్చు గాని, ఆరిపోతే ఇంకొంచెం వెతకాలి. బల్ల వెనుక తీగల చుట్టలో ఇరుక్కుని గాలాడని అడాప్టర్ తానే వేడెక్కి కరెంటు ఆపేసిన సందర్భాలు నేను చూశాను.

మిల్లుల్లో, జిన్నింగ్ మిల్లుల్లో వేడి కంటే ధూళి పెద్ద శత్రువు. ఫ్యాన్ రెక్కలు తుడిచి "శుభ్రం చేశాం" అంటారు. అసలు అడ్డంకి రెక్కల అవతల, గాలి బయటికి వెళ్లే రాగి లేదా అల్యూమినియం పలకల మధ్య ఉంటుంది. పత్తి నూగు, తవుడు ధూళి అక్కడ పేరుకుని కంబళి ముక్కలా బిగుసుకుంటాయి. ఫ్యాన్ విప్పి తీస్తే గాని అది కనిపించదు. బ్లోయర్ కొట్టేటప్పుడు ఫ్యాన్ తిరగకుండా పుల్ల అడ్డం పెట్టండి. అదుపు లేని వేగంతో తిరిగితే బేరింగ్ దెబ్బతింటుంది. విప్పిన ప్రతిసారీ థర్మల్ పేస్ట్ కొత్తది పెట్టాలి. ఎస్‌ఎస్‌డీ కింద ఉండే మెత్తని ప్యాడ్‌ను తిరిగి దాని స్థానంలోనే పెట్టడం కూడా మరవకూడదు. అది లేక ఎస్‌ఎస్‌డీ వేడెక్కి, కాపీ చేస్తుండగా యంత్రం బిగుసుకుపోతుంది.

అపోహ: ర్యామ్ మొత్తం విండోస్‌లో కనిపిస్తోంది కాబట్టి ర్యామ్ బాగుంది.

కనిపించడం వేరు, తప్పు లేకుండా పనిచేయడం వేరు. మెమ్‌టెస్ట్86 లాంటి పరీక్షను పెన్‌డ్రైవ్ నుంచి నడిపి కనీసం నాలుగు విడతలు పూర్తి కానివ్వాలి. ఒక్క తప్పు వచ్చినా ర్యామ్ ముక్కలను విడివిడిగా, ఒకదాని తర్వాత ఒకటి పరీక్షించాలి. పాత మినీ పీసీల్లో ఇంకో చిక్కుంది. అవి చాలావరకు 1.35 వోల్టుల డీడీఆర్3ఎల్ ర్యామ్ కోసం తయారైనవి. చూడటానికి అచ్చం అలాగే ఉండే 1.5 వోల్టుల పాత డీడీఆర్3 ముక్క వేస్తే కొన్ని తెరుచుకోవు, కొన్ని తెరుచుకుని నడిమధ్యలో నీలం తెర చూపుతాయి. లేబుల్‌పై ఎల్ అక్షరం ఉందో లేదో చూసి కొనాలి.

అపోహ: బయాస్ అప్‌డేట్ చేస్తే అన్నీ సర్దుకుంటాయి. దీనికి ఎదురు అపోహ: నడుస్తున్న బయాస్‌ను ఎన్నడూ ముట్టుకోకూడదు.

ఈ రెండు మాటలూ ఒకే దుకాణంలో, ఒకే రోజు వింటాను. తయారీదారు ప్రతి అప్‌డేట్‌తోపాటు అందులో ఏం సరిచేశారో రాస్తారు. మన సమస్య అందులో ఉంటేనో, భద్రతా లోపాన్ని సరిచేసేది ఉంటేనో చేయాలి. అప్‌డేట్ తప్పనిసరి అనడానికి ఉదాహరణ కావాలంటే ఇంటెల్ 13, 14వ తరం డెస్క్‌టాప్ ప్రాసెసర్లను చూడవచ్చు. అవసరానికి మించి వోల్టేజి కోరడం వల్ల వాటిలో కొన్ని క్రమంగా దెబ్బతింటున్నాయని తేలి, ఇంటెల్ 2024 ఆగస్టులో 0x129, ఆ తర్వాతి నెలలో 0x12బీ అనే మైక్రోకోడ్‌లను, అంటే ప్రాసెసర్ లోపలి సూచనలకు సవరణలను ఇచ్చింది. అవి ప్రధానంగా బయాస్ అప్‌డేట్ ద్వారానే యంత్రానికి చేరాయి. అప్పటికే దెబ్బతిన్న ప్రాసెసర్‌ను ఏ అప్‌డేటూ బాగుచేయలేదు కాబట్టి, అలాంటి యంత్రం ఉన్నవారు ఆలస్యం చేయకూడదు. ఇంటెల్ ఆ ప్రాసెసర్ల వారంటీని మరో రెండేళ్లు పొడిగించింది కూడా. అయితే ఈ సమస్య 65 వాట్లు, అంతకు మించిన ప్రాసెసర్లకు సంబంధించినదని ఇంటెల్ చెప్పింది. మినీ పీసీల్లో తరచూ కనిపించే, పేరు చివర టీ అక్షరం ఉన్న 35 వాట్ల ప్రాసెసర్లు ఆ కోవలోకి రావు. "13వ తరం" అనే మాట వినగానే భయపడనక్కర్లేదు.

నమ్మకమైన ప్రోగ్రామ్‌తోనే యంత్రం తెరుచుకునేలా చూసే సెక్యూర్ బూట్ సంగతి మరొకటి. దానికి ఆధారమైన, 2011లో జారీ అయిన మైక్రోసాఫ్ట్ సర్టిఫికెట్ల గడువు ముగింపు 2026 జూన్‌తో మొదలు. గడువు ముగిసినంత మాత్రాన యంత్రం తెరుచుకోవడం మానదు. కానీ 2023 నాటి కొత్త సర్టిఫికెట్లు లేకపోతే బూట్‌కు సంబంధించిన భద్రతా మార్పులు ఇకపై అందవు. కొన్ని యంత్రాలకు ఇందుకోసం ఫర్మ్‌వేర్ అప్‌డేట్ కావాలి.

అప్‌డేట్ చేయాలని నిర్ణయించాక జాగ్రత్తలు పాటించకపోతే వచ్చే నష్టమే ఎక్కువ. మోడల్ పేరుతో సరిపెట్టుకోకుండా బోర్డు సంఖ్య కూడా సరిపోల్చి ఫైల్ దింపుకోవాలి. యూపీఎస్ మీద పెట్టాలి. డిస్క్‌లోని సమాచారానికి తాళం వేసే బిట్‌లాకర్ లేదా డివైస్ ఎన్‌క్రిప్షన్ అమల్లో ఉంటే ముందుగా తాత్కాలికంగా నిలిపివేసి, 48 అంకెల రికవరీ కీని కాగితం మీద రాసుకోవాలి. ఫర్మ్‌వేర్ మారగానే, ఆ తాళం కీని కాపాడే టీపీఎమ్ చిప్ లెక్క తప్పి విండోస్ ఆ కీని అడగవచ్చు. అది లేకపోతే అందులోని ఫొటోలు, లెక్కలు తిరిగి రావు, ఎంత అనుభవజ్ఞుడైనా చేయగలిగింది ఏమీ ఉండదు. డిస్క్ విధానం, అంటే యంత్రం డిస్క్‌తో మాట్లాడే పద్ధతి, బయాస్ సెట్టింగుల్లో ఏహెచ్‌సీఐలో ఉందో, రెయిడ్ లేదా వీఎమ్‌డీలో ఉందో ఫోన్‌తో ఫొటో తీసుకోండి. అప్‌డేట్ తర్వాత సెట్టింగులు మొదటికి వచ్చి ఆ విధానం మారిపోతే "ఇనాక్సెసిబుల్ బూట్ డివైస్" అని నీలం తెర వస్తుంది. విండోస్ పోయిందనుకుని డిస్క్‌ను ఫార్మాట్ చేసినవారున్నారు. పాత విధానం ఎంచుకుంటే చాలు, అంతా యథాతథంగా తెరుచుకుంటుంది.

ఇంకొక్క మాట, ఇది అన్నిటికంటే ముఖ్యం. అప్‌డేట్ తర్వాత మొదటిసారి తెరుచుకునేటప్పుడు యంత్రం ర్యామ్‌తో తన లెక్కలు కొత్తగా సరిచూసుకుంటుంది. డీడీఆర్5 ఉంటే ఇందుకు కొన్ని నిమిషాలు పట్టవచ్చు, అంతసేపూ తెర నల్లగానే ఉంటుంది. ఆ నలుపు చూసి తీగ లాగేయడం వల్లే అప్‌డేట్లు మధ్యలో విరిగిపోతాయి. పదిహేను నిమిషాలు దాన్ని ముట్టుకోకండి.

అపోహ: అప్‌డేట్ మధ్యలో ఆగితే బోర్డు పారేయాల్సిందే.

చాలా యంత్రాల్లో కోలుకునే దారి తయారీదారే పెట్టి ఉంచుతాడు. ఇంటెల్ నక్ అనే మినీ పీసీల్లో బోర్డు మీద ఉండే బయాస్ సెక్యూరిటీ జంపర్ అనే చిన్న తొడుగు తీసి, సరైన ఫైల్‌ను ఫ్యాట్32 పద్ధతిలో ఫార్మాట్ చేసిన పెన్‌డ్రైవ్‌లో పెట్టి తెరవడం ఒక పద్ధతి; డెల్‌లో కంట్రోల్, ఎస్కేప్ కలిపి నొక్కిపట్టడం, హెచ్‌పీలో విండోస్ మీటతో బీ నొక్కిపట్టడం ఇలాంటివే. ఇవేవీ పనిచేయనప్పుడే చిప్‌ను ప్రోగ్రామర్ అనే పరికరంతో రాయాలి. అప్పుడు కూడా ముందు చిప్‌లో ఉన్నదాన్ని రెండుసార్లు చదివి, రెండు కాపీలూ ఒకటేనని తేలాకే రాయాలి. ఎక్కడో దొరికిన ఇంకొక యంత్రం ఫైల్‌ను నేరుగా ఎక్కిస్తే మన యంత్రం సీరియల్ సంఖ్య, చాలాసార్లు నెట్‌వర్క్ చిరునామా కూడా పోతాయి. 1.8 వోల్టుల చిప్‌కు 3.3 వోల్టుల ప్రోగ్రామర్ తగిలిస్తే చిప్ మాడిపోవచ్చు.

అపోహ: సెల్ అయిపోతే టైమ్ మాత్రమే తప్పుతుంది.

బోర్డు మీద తేదీని, సమయాన్ని నిలిపి ఉంచే సీఆర్2032 బిళ్ల సెల్ విలువ చిన్నదే. కానీ తేదీ వెనక్కి పోతే వెబ్‌సైట్ల భద్రతా సర్టిఫికెట్లు చెల్లనట్టు కనిపించి పోర్టళ్లు తెరుచుకోవు. మీసేవ కేంద్రాల్లో దీన్ని నెట్ సమస్య అనుకుంటారు. కొన్ని యంత్రాల్లో డిస్క్ విధానం సహా సెట్టింగులన్నీ మొదటికి వస్తాయి. రోజూ రాత్రి గోడ మీది కరెంటు స్విచ్ ఆపేసే చోట సెల్ తొందరగా తరిగిపోతుంది. మీటర్ 2.7 వోల్టుల కంటే తక్కువ చూపితే నేను మార్చేస్తాను. చాలా మినీ పీసీల్లో ఇది రెండు తీగలతో చుట్టి ఉంటుంది, అలాంటిదే తేవాలి.

అపోహ: రోజూ షట్‌డౌన్ చేస్తున్నాను, రీస్టార్ట్ ఎందుకు?

విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ అమల్లో ఉంటే షట్‌డౌన్ చేసినప్పుడు వ్యవస్థలోని కీలక భాగం డిస్క్‌లో దాచబడి మరుసటి రోజు అలాగే తిరిగి వస్తుంది, దానితోపాటు డ్రైవర్ల పాత చిక్కులూ వస్తాయి. రీస్టార్ట్ చేసినప్పుడే అంతా కొత్తగా మొదలవుతుంది.

వైర్‌లెస్ మౌస్ ఆగి ఆగి కదులుతోందని బోర్డును అనుమానించేవారు ఒక చిన్న ప్రయత్నం చేయండి. యూఎస్‌బీ 3 పోర్టు నుంచి వెలువడే రేడియో అలజడి వైర్‌లెస్ మౌస్‌లు వాడే 2.4 గిగాహెర్ట్జ్ తరంగాలకు అడ్డువస్తుందని ఇంటెల్ 2012లోనే ఒక పత్రంలో వివరించింది. ఇంత చిన్న పెట్టెలో పోర్టులన్నీ పక్కపక్కనే ఉంటాయి కాబట్టి, మౌస్ రిసీవర్‌ను ఒక చిన్న ఎక్స్‌టెన్షన్ తీగతో దూరంగా పెడితే ఎక్కువసార్లు సరిపోతుంది.

యంత్రాన్ని మరమ్మతుకు తీసుకెళ్లేటప్పుడు దాని సొంత అడాప్టర్‌ను తప్పకుండా వెంట తీసుకెళ్లండి. ఆగిన ప్రతిసారీ సమయం, అప్పుడు చేస్తున్న పని, కరెంటు మందగించిందా లేదా అన్నది ఒక వారం పాటు కాగితం మీద రాసి అది కూడా ఇవ్వండి. నల్గొండ దాకా రాలేనివారు ఈవెంట్ వ్యూయర్‌లో ఆ 41వ నమోదు వివరాల ఫొటో తీసి చూపించినా మొదటి అంచనా వేయవచ్చు.