మీటరుకు 15 జూళ్లు

ఇంజనీరింగ్ చదువుతున్న ఒక పాఠకుడు ఇలా అడిగారు: "నా రేడియో కంట్రోల్ విమానానికి 5 అంగుళాల వ్యాసం ఉన్న ప్రొపెల్లర్ తీసేసి, అదే పిచ్ (ఒక్క చుట్టుకు ముందుకు సాగే దూరం) ఉన్న 6 అంగుళాలది బిగించాను. వేగం పెరగకపోగా తగ్గింది. మోటారు చెయ్యి పెట్టలేనంతగా కాలింది. ఎందుకండీ?" దీనికి రెండు వాక్యాల్లో జవాబు చెప్పవచ్చు. కానీ ఈ ప్రశ్న వెనుక ఉన్న లెక్కే విద్యుత్ విమానాల పందేలకు ఆయువుపట్టు కనుక, పందెం దగ్గరినుంచే మొదలుపెడతాను.

అంతర్జాతీయ వైమానిక క్రీడల సమాఖ్య అయిన ఎఫ్ఏఐ నియమాల్లో ఎఫ్5డీ అనే తరగతి ఉండేది, ఇప్పుడు దాన్ని ఎఫ్3ఈ అంటున్నారు. మూడు స్తంభాలతో గుర్తించిన త్రిభుజం చుట్టూ విమానం పది చుట్లు తిరగాలి. పొడవైన భుజాలు సుమారు 180 మీటర్లు, పొట్టి భుజం 40 మీటర్లు. చుట్టుకు 400 చొప్పున మొత్తం 4 కిలోమీటర్లు. ఆ దూరాన్ని ఒక్క నిమిషంలో ముగిస్తే సగటు వేగం గంటకు 240 కిలోమీటర్లు అవుతుంది. నాకు అంతకంటే అద్భుతంగా తోచేది శక్తికి పెట్టిన కట్టడి. ఎఫ్5డీలో ఒక పరుగుకు 1000 వాట్-నిమిషాలే వాడుకోనిచ్చేవారు, అంటే 60,000 జూళ్లు. గ్లాసుడు మంచినీళ్లను మరిగే దాకా కాచడానికి దాదాపు అంతే శక్తి పడుతుంది.

ఈ 60,000ను 4,000 మీటర్లకు పంచితే మీటరుకు 15 జూళ్లు వస్తాయి. కిలోన్నర బియ్యం మూటను నేల మీదినుంచి మీటరు ఎత్తుకు లేపితే అయ్యే పని అది. దీన్ని విమానానికి ఇచ్చే దినకూలీ అనుకుందాం. మోటారు, తీగలు, వేగాన్ని నియంత్రించే ఈఎస్‌సీ కలిసి అందులో 15 శాతం వేడిగా మింగితే, మిగిలినదానిలో పావు వంతు ప్రొపెల్లర్ గాలిని వృథాగా కెలకడంలో పోతే, విమానాన్ని ముందుకు తోయడానికి తొమ్మిదిన్నర జూళ్లే చేతికొస్తాయి. గాలి నిరోధం వేగపు వర్గంతో పెరుగుతుంది కనుక 10 శాతం ఎక్కువ వేగం కావాలంటే మీటరుకు 21 శాతం ఎక్కువ కూలీ ఇవ్వాలి. అది దొరకదు. అందువల్ల వృథాను తగ్గించుకోవడం తప్ప దారి లేదు. సామర్థ్యం పదో వంతు మెరుగుపడితే 60 సెకన్ల పరుగు 57 సెకన్లకు దిగుతుంది, ఆ మూడు సెకన్లలోనే గెలుపోటములు తేలిపోతాయి.

ఇప్పుడు ప్రొపెల్లర్ సంగతి. పిచ్ అంటే, చెక్కలో మర దిగినట్లు, ఒక్క చుట్టుకు ప్రొపెల్లర్ ముందుకు సాగవలసిన దూరం. 5 అంగుళాల పిచ్ ఉన్నది నిమిషానికి 28,000 చుట్లు తిరిగితే గంటకు 213 కిలోమీటర్ల దూరం "మర బిగిస్తుంది". 24,000కు పడిపోతే 183 మాత్రమే. పిచ్ మార్చకుండా వ్యాసాన్ని 5 నుంచి 6 అంగుళాలకు పెంచినప్పుడు, అదే వేగంతో తిప్పడానికి కావలసిన శక్తి 1.2 నాలుగో ఘాతం చొప్పున, అంటే రెట్టింపుకు పైగా పెరుగుతుంది. కరెంటు రెట్టింపైతే తీగచుట్టలో వేడి నాలుగింతలవుతుంది. అంత బరువు మోయలేక బ్యాటరీ వోల్టేజి కుంగుతుంది, చుట్లు తగ్గుతాయి, వాటితోపాటే వేగమూ తగ్గుతుంది. ఆ పాఠకుడికి జరిగింది ఇదే.

నేల మీద విమానాన్ని పట్టుకుని కొలిచిన కరెంటును నమ్ముకోకూడదు. నిలబడి ఉన్నప్పుడు ప్రొపెల్లర్ రెక్కకు గాలి బాగా ఏటవాలుగా తగిలి, ముఖ్యంగా ఎక్కువ పిచ్ ఉన్నదానిలో, ప్రవాహం రెక్కనుంచి ఊడిపోతుంది. విమానం వేగం అందుకున్నాక ఆ కోణం తగ్గి, రెక్క తన పని తాను చేస్తుంది. ఎగిరినప్పటి లెక్కలను నమోదుచేసే ఈఎస్‌సీ ఉంటేనే నిజం తెలుస్తుంది. "ఈ ప్రొపెల్లర్ నాకు కలిసొచ్చింది" అని దాచుకునేవారు ఉంటారు. కలిసొచ్చిన మాట నిజమే కావచ్చు, కానీ కారణం అదృష్టం కాదు. ఒకే అచ్చులో పోసిన వాటిలోనూ బరువు, మెలిక కాస్త తేడాగా ఉంటాయి, వాటిని తూచి కొలవవచ్చు.

మలుపుల్లోనూ కూలీ ఖర్చవుతుంది. సెకనుకు 67 మీటర్ల వేగంతో 25 మీటర్ల వ్యాసార్ధంలో తిరిగే విమానం మీద త్వరణం గురుత్వానికి 18 రెట్లు. కిలో విమానాన్ని రెక్కలు 18 కిలోలుగా మోయాలి. బడిలో మాకు తాడుకు రాయి కట్టి తిప్పే బొమ్మతో వర్తుల చలన సూత్రాన్ని చెప్పి వదిలేసే బదులు ఈ 18ని బల్ల మీద లెక్కకట్టించి ఉంటే, మా తరగతిలో ఒక్కరూ దాన్ని మరచిపోయేవారు కారు. రెక్క ఎత్తే బలం వల్ల పుట్టే నిరోధం ఆ బలపు వర్గంతో పెరుగుతుంది కాబట్టి, వ్యాసార్ధం సగం చేస్తే అది నాలుగింతలై, దారి సగమైనా ఆ పద్దు కింద ఖర్చు రెట్టింపవుతుంది. మరీ వెడల్పుగా తిరిగితే అదనపు ప్రతి మీటరుకూ మళ్లీ 15 జూళ్లు. ఈ రెండూ సరితూగే చోటు దొరికే దాకా, ఎలివేటర్ (విమానం ముక్కును పైకీ కిందికీ తిప్పే తోక పలక) కదలికను ట్రాన్స్‌మిటర్‌లో మిల్లీమీటరు చొప్పున సరిచేస్తూ పోతారు.

ప్రశ్న అడిగిన పాఠకుడు మొదట పాత 5 అంగుళాలదే బిగించి, పిచ్‌ను అర అంగుళం చొప్పున పెంచి చూడాలి. ఖరీదైన పరికరాలు అక్కర్లేదు. మూడు సెల్‌ల లిథియం పాలిమర్ బ్యాటరీతో ఎగిరి దిగాక, ఛార్జరు దానిలోకి తిరిగి ఎన్ని మిల్లీ ఆంపియర్-గంటలు నింపిందో రాసుకోవాలి, 11.1 వోల్టుల దగ్గర 1500 అని చూపిస్తే, ఎఫ్5డీ పరుగుకు ఇచ్చిన ఆ గ్లాసుడు నీళ్ల శక్తి అంతా ఖర్చయినట్లే.