నెలలు నిండని బిడ్డకి తల్లిపాలు: నాన్న ఏం చెయ్యాలి?

"మా పాప 31 వారాలకే పుట్టింది, ఎన్‌ఐసీయూలో (పసిపిల్లల ఇంటెన్సివ్ కేర్‌లో) ఉంది. నా భార్యకి పాలు సరిగా పడటం లేదు, టెన్షన్‌తో ఏడుస్తోంది. నేను చేయగలిగింది ఏమైనా ఉందా?" అని ఒక పాఠకుడు అడిగారు. చాలా ఉంది.

తల్లిపాలు ఎందుకు మంచివో ఇక్కడ మళ్ళీ ఏకరువు పెట్టను. నెలలు నిండని పిల్లల్లో పేగులు దెబ్బతినే నెక్రోటైజింగ్ ఎంటెరోకొలైటిస్ అనే జబ్బు ముప్పుని బాగా తగ్గిస్తాయి, ఆ ఒక్కటి చాలు.

నాకు బాగా ఇష్టమైన ప్రయోగం ఒకటుంది. 1948లో అమెరికాలో మైకేల్ న్యూటన్, నైల్స్ న్యూటన్ అనే భార్యాభర్తలు ప్రచురించారు. పాలిచ్చిన తల్లి నైల్సే. ఒకసారి ఆవిడ పాదాలు ఐస్ నీళ్ళలో పెట్టించి, ఇంకోసారి ఊపిరి సలపకుండా లెక్కలు అడిగి చిరాకు పెట్టారు. మామూలు రోజుల్లో బిడ్డ సగటున 168 గ్రాముల పాలు తాగితే, ఇలా ఇబ్బంది పెట్టిన రోజుల్లో 99 గ్రాములే తాగింది. అదే ఇబ్బంది పెడుతూ, పాలు చేపించే ఆక్సిటోసిన్ అనే హార్మోన్ ఇంజెక్షన్ ఇస్తే మళ్ళీ 153కి చేరింది! అంటే పాలు లోపల ఉన్నాయి, చేపుకు రాలేదంతే.

బిడ్డ చప్పరిస్తే ఆ కబురు నరాల ద్వారా మెదడుకి వెళ్తుంది, పిట్యూటరీ గ్రంథి వెనక భాగం ఆక్సిటోసిన్ వదులుతుంది, అది రక్తంలో కలిసి వచ్చి పాలతిత్తుల చుట్టూ ఉన్న మయోఎపిథీలియల్ కణాలని బిగిస్తే పాలు నాళాల్లోకి దిగుతాయి. భయం, నొప్పి మెదడు దగ్గరే ఆ విడుదలని తగ్గిస్తాయి. పైగా కంగారులో విడుదలయ్యే అడ్రినలిన్ హార్మోన్ రొమ్ములోని రక్తనాళాలని సన్నబరిచి, వచ్చిన కాస్త ఆక్సిటోసిన్‌ని కూడా సరిగా చేరనివ్వదు. పాడి ఉన్న ఇంట్లో ఇది చిన్నపిల్లలకీ తెలుసు: కొత్తమనిషి చెంబు పట్టుకుని కూర్చుంటే ఆవు చేపదు, దూడ వచ్చి పొదుగు కుమ్మితే చేపుతుంది. ఎన్‌ఐసీయూ తల్లి పక్కన దూడ లేదు, పాలు పిండే పంపు ఉంది. అందుకే ఫోన్‌లో పాప వీడియో తీసుకొచ్చి చూపించండి, కుదిరితే ఆవిణ్ణి వీల్‌చైర్‌లో పాప దగ్గరికి తీసుకెళ్ళి అక్కడే పాలు పిండుకోనివ్వండి.

రొమ్ములో మిగిలిపోయిన పాలు కొత్త పాల తయారీని నెమ్మదింపజేస్తాయి కాబట్టి, ఇవాళ చేపుకు రాకపోతే నాలుగు రోజుల్లో నిజంగానే తగ్గిపోతాయి. రోజుకి 8 నుంచి 10 సార్లు పిండాలి, అర్ధరాత్రి కూడా. పాలు తయారుచేయించే హార్మోన్ ప్రొలాక్టిన్ రాత్రిపూటే ఎక్కువ. అలారం పెట్టడం, పంపు భాగాలు కడిగి మరిగించడం, సీసా మీద టైమ్ రాసి నర్సుకి అందించడం మీ పని.

మొదటి రోజుల్లో సిరంజిలో 2 మిల్లీలీటర్లు పసుపుపచ్చని ముర్రుపాలు కనిపిస్తే చుట్టాలు "ఇంతేనా?" అంటారు. ఆ మాటే ఐస్ నీళ్ళు. అంత చిన్న బిడ్డకి ట్యూబ్‌లో మొదట పట్టేది కూడా ఒకటి రెండు మిల్లీలీటర్లే, ఆ సంగతి వాళ్ళకి చెప్పాల్సింది మీరు.

మనలో తొలికాన్పు పుట్టింట్లో, పురుడు వెళ్ళేదాకా అల్లుడు గుమ్మం దగ్గరే అనే పద్ధతి ఇంకా ఉంది. ఎనిమిదో నెల పిల్లలు బతకరనే మాటొకటి, ఏ ఆధారమూ లేనిది! పద్ధతుల కోసం ఆ పదకొండు రోజులు దూరంగా ఉండొద్దు, పాలు నిలబడేది ఆ రోజుల్లోనే. సెలవు సంగతి తలుచుకుంటే కోపం వస్తుంది. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగి అయిన తండ్రికి 15 రోజులు, పాప డిశ్చార్జ్ కాకముందే అయిపోతాయి, చాలామంది ప్రైవేటు ఉద్యోగులకి అవి కూడా లేవు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ ఐదు దేశాల్లో జరిపి 2021లో ప్రచురించిన ప్రయోగంలో, తక్కువ బరువు పిల్లలకి కంగారూ సంరక్షణ (బిడ్డని ఒంటికి ఒళ్ళు తగిలేలా గుండె మీద పెట్టుకోవడం) పుట్టిన వెంటనే మొదలుపెడితే, కుదుటపడేదాకా ఆగినదానికన్నా మరణాలు 25 శాతం తగ్గాయి. ఢిల్లీ కూడా అందులో ఒక కేంద్రం. నాన్న గుండె మీద కూడా బిడ్డ ఒళ్ళు వెచ్చగానే ఉంటుంది, చొక్కా విప్పి కూర్చోవడానికి సిగ్గుపడకండి. ఆ గంటలో తల్లి కాస్త నిద్రపోతుంది.

చప్పరించడం, మింగడం, ఊపిరి తీసుకోవడం మూడూ కలిసి కుదిరేది దాదాపు 34 వారాలకి. అప్పుడు కూడా రెండు గుక్కలకే పాప అలిసిపోతుంది, మిగతాది పాలాడతో (ముక్కున్న చిన్న ఉగ్గుగిన్నెతో) పట్టాలి. పాలాడ అంచు కింది పెదవి మీద ఆనించి, పాలు గొంతులో పోయకుండా, పాప నాలుకతో తనే తీసుకునేలా వంచడం డిశ్చార్జికి ముందే నర్సు దగ్గర నేర్చుకోండి.